నగరంలో నాలుగు పెట్టలు: గూడు కట్టడం, కోళ్లు సాకడం

ముందు డబ్బు లెక్క తేల్చుకుందాం. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. నాలుగు పెట్టలకు రోజుకు 440 గ్రాములు, నెలకు 13 కిలోలు. లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేత, కిలో 40 రూపాయలనుకుంటే నెలకు 520. పెరట్లో తిరిగే గ్రామప్రియ రకం పెట్ట ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. నాలుగూ కలిపితే నెలకు 55, 60. అంటే మేత ఖర్చే గుడ్డుకు తొమ్మిది రూపాయల దాకా పడుతోంది. గూడు, మందులు, మీ చాకిరీ ఇందులో కలపలేదు. చవగ్గా గుడ్లొస్తాయని దిగేవాళ్లకు కిరాణా కొట్టే నయం. ఇంట్లో తాజా గుడ్డు కావాలి, కూరగాయల తొక్కలు చెత్తబండి పాలు కాకూడదు, కుండీలకు ఎరువు కావాలి అనుకునేవాళ్లకు మాత్రం నాలుగు పెట్టలు చక్కగా సరిపోతాయి.

ఊళ్లో గంప కింద మూసి, పొద్దున వదిలేస్తే కోడి తన తిండి తాను చూసుకుంటుంది. నగరంలో ఆ వీలు లేదు. అది తినేదీ, తాగేదీ, రెట్ట వేసేదీ మీరు కట్టిన ఆ పాతిక చదరపు అడుగుల్లోనే. అందుకే ఇక్కడ పెంపకం ఎక్కడ చెడినా చాలావరకు కారణం ఒక్కటే ఉంటుంది: గూట్లో తడి. తడి ఊక కంపు కొడుతుంది, కంపుకి ఈగలు చేరతాయి, ఈగలతో పక్కింటివాళ్ల గొడవ మొదలవుతుంది. అదే తడిలో కోడిపిల్లలకు రక్తపు పారుడు పట్టుకుంటుంది. కింద చెప్పే కొలతల్లో సగం ఈ తడిని బయట ఉంచడానికే.

ఎన్ని, ఏ రకం

నాలుగు, మహా అయితే ఐదు. ఒక్కటి వద్దు, కోడి ఒంటరిగా బతికే పక్షి కాదు. పుంజు అసలే వద్దు. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు, పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. తెల్లవారుజామున మూడున్నరకే కూత అందుకునే పుంజును అపార్ట్‌మెంట్ల మధ్య ఎవరూ భరించరు. పెట్టలు కూడా గుడ్డు పెట్టగానే పావుగంట సేపు గోల చేస్తాయి కానీ అది పగటి పూటే. కొనేముందే మీ మున్సిపాలిటీ నిబంధనేమిటో, కాలనీ సంఘం ఏమంటుందో కనుక్కోండి. గూడు కట్టాక అడిగితే తీసెయ్యమంటారు.

రకం విషయంలో తొలిసారి పెంచేవాళ్లకు గ్రామప్రియ మంచిది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే దీన్ని తయారుచేసింది. గోధుమ రంగు గుడ్డు, తేలికపాటి ఒళ్లు, ఎండకు ఓర్చుకుంటుంది. అక్కడిదే వనరాజా ఒళ్లు బరువున్న కోడి, ఏడాదికి వందకు కాస్త అటూ ఇటూ గుడ్లు పెడుతుంది, మాంసానికీ పనికొస్తుంది. రాజేంద్రనగర్‌లోనే ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన రాజశ్రీ కూడా ఇలాంటి పెరటి కోడే. ఫారాల్లో ఉండే తెల్ల లేయర్ మూడొందల గుడ్లు పెడుతుంది నిజమే, కానీ అది కొలిచిన మేతకూ, నీడపట్టుకూ అలవాటైన పక్షి. పెరట్లో ఏ కొంచెం తేడా వచ్చినా ముందు పడిపోయేది అదే.

అచ్చమైన నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెట్టి మధ్యమధ్యలో పొదుగుకు కూర్చుంటుంది. అసీల్ జాతి చూడ్డానికి రాజసంగా ఉంటుంది గానీ ఇరుకు గూట్లో పెట్టలు కూడా రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. డేగ, నెమలి, కాకి అంటూ రంగుల పేర్లు చెప్పి ఎవరైనా ధర పెంచితే ఆ లెక్కలు సంక్రాంతి బరికి సంబంధించినవి, గుడ్ల బుట్టకు కాదు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు నల్లకోడి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ధర ఇంకా పెరిగింది. గుడ్ల కోసమే అయితే అంత పెట్టనక్కర్లేదు.

సంతలో బుట్టలో అమ్మే ఆకుపచ్చ, గులాబి రంగు కోడిపిల్లల జోలికి పోకండి. ఎక్కువగా అవి లేయర్ హేచరీల్లో ఏరి పక్కన పెట్టిన మగపిల్లలు. టీకాలుండవు, వేడి అందక సగం వారంలోపే పోతాయి, మిగిలినవి పుంజులవుతాయి.

చోటు

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ గూడు చివరల మీదే పడతాయి, పొడవాటి వైపుల నుంచి లోపలికి దూరవు. పడమటి చివరను పూర్తిగా మూసెయ్యాలి. ఇంటి గోడకు ఆనించి కట్టకండి. రెండడుగులు వదలండి. ఆ సందులో గాలి ఆడుతుంది, ఊడ్చుకోవడానికి చోటుంటుంది, పందికొక్కు బొరియ తవ్వితే కంటపడుతుంది. వేప, మునగ లాంటి చెట్టు నీడ దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. బోరు దగ్గర, గిన్నెలు కడిగే తూము పక్కన మాత్రం వద్దు.

మేడ మీద పెంచవచ్చా అని చాలామంది అడుగుతారు. మెట్ల గదికి తూర్పు పక్కన, మధ్యాహ్నం నుంచి నీడ ఉండే మూల దొరికితే పెంచవచ్చు. నడిమేడ మీద రేకుల గూడు పెడితే ఏప్రిల్, మే నెలల్లో పైనుంచి రేకు, కింది నుంచి స్లాబు రెండూ కాలుస్తాయి. మేడ మీద మరో రెండు ఇబ్బందులున్నాయి. వేసవిలో వచ్చే ఈదురుగాలికి గూడు ఎగిరి కింద పడొచ్చు కాబట్టి నాలుగు మూలలూ పిట్టగోడకు బోల్టులతో బిగించాలి. రెండోది, ఊక కొట్టుకుపోయి వాననీటి గొట్టానికి అడ్డం పడుతుంది, గొట్టం నోటికి జాలీ తప్పనిసరి.

గూడు కట్టడం

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఉత్తరం వైపు ఆరడుగుల ఎత్తు, దక్షిణం వైపు ఐదు. నాలుగైదు పెట్టలకు రోజంతా మూసి ఉంచినా సరిపోయే కొలత ఇది. రోజూ ఓ గంట పెరట్లో వదలగలిగితే మరీ మంచిది. ఇంతకంటే చిన్న గూళ్లు బజారులో రెడీమేడ్‌గా దొరుకుతాయి. వాటిలో మనిషి దూరలేడు. మనిషి దూరలేని గూటిని ఎవరూ శుభ్రం చెయ్యరు.

కావాల్సిన సామాను: అంగుళం చదరపు జీఐ పైపులు 20 అడుగులవి 6, అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, 4 అడుగుల వెడల్పుది 20 అడుగులు, 8 అడుగుల రేకులు 3, నాలుగంగుళాల మందం, 16 అంగుళాల పొడవు ఉన్న సిమెంట్ బ్రిక్స్ 28, సిమెంటు రెండు బస్తాలు, దానికి తగ్గ ఇసుక, కంకర, పడమటి వైపుకు ఒక రేకు గానీ సిమెంటు షీటు గానీ, బైండింగ్ వైరు, రేకు స్క్రూలు, కీళ్లు, రెండు గొళ్లేలు. వెల్డర్ ఖర్చు వద్దనుకుంటే పైపుల బదులు సర్వి కర్రలు వాడొచ్చు, భూమిలోకి వెళ్లే భాగానికి తారు పూస్తే చెద తొందరగా పట్టదు.

నేల నుంచి మొదలుపెట్టండి. చుట్టుపక్కల నేలకంటే ఆరంగుళాలు ఎత్తుగా మట్టి, రాళ్లు వేసి దిమ్మిస కొట్టి, దాని మీద మూడంగుళాల కాంక్రీటు. తలుపు వైపు అంగుళం వాలు ఇవ్వండి, కడిగినప్పుడు నీళ్లు వాటంతట అవే తలుపు దగ్గరికి చేరతాయి. మట్టి నేలే కోడికి సహజం అనేవాళ్లుంటారు. పల్లెలో నిజమే. నగరంలో పందికొక్కులు ఒక్క రాత్రిలో అడుగు లోతు బొరియ చేసి లోపలికి వస్తాయి, ఆ బొరియ వెంట పామొస్తుంది. కాంక్రీటు కుదరకపోతే నేల మొత్తం వెల్డ్ మెష్ పరిచి పైన మట్టి వెయ్యండి, మెష్ మరో ఆరడుగులు పడుతుంది.

దాని మీద రెండు వరుసల బ్రిక్స్, సుమారు అడుగున్నర గోడ. వాన చినుకు నేలన పడి చిట్లినప్పుడు ఆ తుంపర లోపలికి రాకుండా ఆపేది ఈ గోడే. అంతకంటే ఎత్తు కడితే కింద గాలి ఆడదు. తూర్పు చివర తలుపు కోసం రెండడుగులు వదిలి, అక్కడ ఆరంగుళాల గడప కట్టండి. గడప లేకపోతే కోళ్లు కాళ్లతో దువ్వి ఊకంతా బయటికి తోస్తాయి.

పైపుల చట్రం నిలబెట్టాక మెష్. దక్షిణం వైపు గోడ పైన మూడున్నర అడుగులే కావాలి కాబట్టి నాలుగడుగుల మెష్‌లో అరడుగు పట్టీ మిగులుతుంది. ఉత్తరం వైపు నాలుగున్నర అడుగులు కావాలి, అక్కడ పైన ఖాళీ ఉండిపోయే అరడుగుకు ఆ పట్టీయే సరిపోతుంది. మెష్‌ను చట్రానికి బయటి వైపు నుంచి, ప్రతి నాలుగంగుళాలకు ఒక బైండింగ్ వైరు చుట్టు వేసి బిగించండి. కుక్క బయటి నుంచి తోసినప్పుడు మెష్ పైపు మీదికి ఒత్తుకుంటుంది. లోపలి నుంచి బిగిస్తే ఆ తోపుకు వైర్లే తెగుతాయి. వైరు కొసలను లోపలికి పొడుచుకు రాకుండా మడవాలి, కోడి కన్ను పోయేది అక్కడే.

దుకాణంలో కోళ్ల జాలి అని ఆరు మూలల సన్నతీగ జాలి ఇస్తారు. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను బయట ఉంచదు. పైగా అంగుళం కన్నంలోంచి ఎలుకలు, చిన్న పాములు దూరతాయి. ముంగిస తల పడితే ఒళ్లంతా పట్టినట్టే. పిల్లి పంజా లోపలికి పెట్టి, జాలిని ఆనుకుని పడుకున్న కోడిని పీకుతుంది. అర అంగుళం వెల్డ్ మెష్‌కు డబ్బు ఎక్కువే, అయినా సామానంతటిలో తగ్గించకూడనిది ఇదొక్కటే.

రేకులు వాలు వెంట నిలువుగా పరచండి. మూడు రేకులు ఒకదాని మీదొకటి కాస్త ఎక్కించి వేస్తే తొమ్మిదడుగుల పైన వస్తుంది. దాంతో నాలుగు వైపులా అడుగున్నర, అడుగుముప్పాతిక చూరు మిగులుతుంది. చూరు తగ్గించి రేకు మిగుల్చుకోకండి, జల్లు లోపలికి కొడుతుంది. రేకు పైన సున్నం రెండు పూతలు వేసి, వేసవికి తాటాకులో, కొబ్బరి మట్టలో, వరిగడ్డో నాలుగంగుళాల మందాన పరిచి తాడుతో కట్టండి. వానలకు ముందు తీసెయ్యండి, లేకపోతే కుళ్లి రేకు తుప్పు పడుతుంది.

తలుపు అడుగు భాగానికి అరడుగు చెక్క, పైన మెష్. గొళ్లేలు కిందొకటి పైనొకటి. ఒక్క గొళ్లెం ఉంటే కుక్క కింది మూలను లాగి సందు చేసుకుంటుంది. కోతులు తిరిగే కాలనీల్లో గొళ్లెం చాలదు, చిన్న తాళం వెయ్యండి.

కోడి రాత్రి ఎత్తు మీద పడుకోవాలనుకుంటుంది. మూసిన పడమటి చివర, గోడకు అడుగు ఎడంగా, నేలకు రెండు రెండున్నర అడుగుల ఎత్తున అడ్డంగా ఒక కర్ర బిగించండి. రెండంగుళాల సర్వి కర్ర గానీ, మూలలు చిత్రిక పట్టిన చెక్క పట్టె గానీ మంచిది. ఒక్కో పెట్టకు పదంగుళాలు, నాలుగింటికి నాలుగడుగుల కర్ర. ఇనప పైపు పెట్టకండి, పట్టు దొరక్క జారుతాయి. కర్ర కింద మేత గిన్నె, నీళ్ల గిన్నె ఉండకూడదు. అక్కడ ఓ పాత రేకు ట్రే పెడితే రాత్రి వేసే రెట్టంతా అందులో పడుతుంది, పొద్దున్నే తీసి పారేస్తే వాసన సగం తగ్గినట్టే.

గుడ్లు పెట్టే పెట్టె ఒక్కటి చాలు. అడుగు వెడల్పు, అడుగు లోతు, పద్నాలుగంగుళాల ఎత్తు. ముందు నాలుగంగుళాల అడ్డుపట్టీ, లోపల ఎండుగడ్డి. పాత కూరగాయల క్రేటును పక్కకు తిప్పి గోనెసంచి కప్పినా పనికొస్తుంది. వెలుతురు తక్కువగా ఉండే మూలన, కర్ర కంటే తక్కువ ఎత్తులో పెట్టండి. ఎత్తులో పెడితే అందులోనే పడుకుంటాయి, గుడ్లన్నీ రెట్టపాలవుతాయి.

ఊక

నేలంతా నాలుగంగుళాల మందాన ఊక పరచండి. మూడు గోనెసంచుల ఊక పడుతుంది. రైసుమిల్లు అందుబాటులో లేకపోతే వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చుకోండి. మరీ పిండిలా ఉంటే వద్దు, కోళ్లకు తుమ్ములు పట్టుకుంటాయి. రెండు రోజులకోసారి చిన్న పారతో తిరగెయ్యండి. పైన కాసిన్ని జొన్నలు చల్లితే ఆ పని కోళ్లే చేసిపెడతాయి.

ఊక ఎలా ఉందో చెయ్యి చెబుతుంది. నీళ్ల గిన్నె దగ్గర, కర్ర కింద, తలుపు దగ్గర మూడు చోట్ల ఒక్కో పిడికెడు తీసి గట్టిగా నొక్కి వేళ్లు విప్పండి. ముద్ద కట్టి కాస్త చీలికలిచ్చి విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. ముద్ద ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువ. అసలు ముద్దే కట్టకుండా దుమ్ము లేస్తే మరీ పొడి. వంగి అడుగు ఎత్తున ముక్కు పెట్టి చూడండి. కళ్లు చురుక్కుమంటే అది అమ్మోనియా, మీకు ఒక్క క్షణమే, కోడి మాత్రం ఆ ఎత్తులోనే రాత్రంతా ఊపిరి తీసుకుంటుంది.

వాసన రాగానే చాలామంది సున్నం చల్లుతారు. తడి ఊక మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా పైకి లేస్తుంది. ముందు తడిసిన ఊక మొత్తం తీసి బయటపడెయ్యండి, కొత్తది వెయ్యండి, తడి ఎక్కణ్నించి వచ్చిందో వెతకండి. నూటికి తొంభై సార్లు అది నీళ్ల గిన్నె. గిన్నెను రెండు ఇటుకల మీద, కోడి వీపు ఎత్తున పెడితే కాళ్లతో ఒలకబొయ్యలేదు. నిపుల్ (కోడి పొడిస్తేనే నీటిచుక్క వదిలే ముక్కు) బిగించిన ఇరవై లీటర్ల బకెట్ అయితే ఇంకా మేలు. సున్నం గూడు ఖాళీ చేసి కడిగినప్పుడు నేలకూ, గోడకూ పూతగా వాడుకోండి.

తీసిన ఊక, రెట్ట నేరుగా కుండీల్లో వేస్తే మొక్కలు మాడిపోతాయి. ఎండుటాకులతో కలిపి, మూత ఉన్న డ్రమ్ములో రెండు మూడు నెలలు మగ్గనివ్వండి.

పిల్లలా, పెరిగినవా

కొత్తవాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసున్నవి కొనుక్కోవడం తెలివైన పని. ధర ఎక్కువే గానీ బల్బు వేడి అవసరం ఉండదు, పుంజేదో పెట్టేదో చాలావరకు తెలిసిపోతుంది, మొదటి టీకాలు అయిపోయి ఉంటాయి. ఏ తేదీన ఏ టీకా వేశారో రాసి ఇమ్మనండి. ఇవ్వలేనివాడి దగ్గర కొనకండి.

ఒక్కరోజు పిల్లలే కావాలంటే పది తీసుకోండి. ఈ పెరటి రకాలను ఆడా మగా వేరు చెయ్యకుండా అమ్ముతారు కాబట్టి సగం పుంజులొస్తాయి, ఒకటో రెండో పోతాయి, చివరికి నాలుగు పెట్టలు మిగులుతాయి. పుంజుల సంగతి ముందే ఆలోచించుకోండి, మూడు నెలలు దాటగానే కూత నేర్చుకుంటాయి.

మూడడుగుల అట్టపెట్టెలో రెండంగుళాల ఊక, దాని మీద మొదటి మూడు రోజులు కాగితం. కాగితం లేకపోతే ఊకనే మేతనుకుని తింటాయి. మొదటి వారం 35 డిగ్రీల వేడి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు, ఐదారు వారాలకు ఈకలొచ్చి వేడితో పని తీరిపోతుంది. పది పిల్లలకు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు చాలు. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు. అది వెలిగించి, పిల్లలు ఎందుకు చస్తున్నాయో తెలియక తలపట్టుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కి కీచుమంటుంటే చలి, గోడలకు అంటుకుని నోళ్లు తెరుచుకుంటే వేడి, పెట్టె అంతటా చెదిరి పడుకుంటే బాగుంది. మే నెలలో పగలు బల్బు కట్టెయ్యొచ్చు.

రాగానే ముందు నీళ్లు, లీటరుకు ఓ చెంచా బెల్లం కలిపి. ఒక్కో పిల్ల ముక్కు ఒకసారి నీటిలో తాకించండి. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వెయ్యండి, లేకపోతే మునిగి చస్తాయి. రెండు మూడు గంటలయ్యాక మొక్కజొన్న రవ్వ, మర్నాటి నుంచి చిక్ స్టార్టర్, అంటే చిన్నపిల్లల దాణా.

మేత

ఎనిమిది వారాల దాకా స్టార్టర్, ఆ తర్వాత గ్రోయర్, మొదటి గుడ్డు కనబడే ముందు నుంచి లేయర్ దాణా. పెరిగే పిల్లలకు లేయర్ దాణా పెట్టకూడదు. అందులో గుడ్డు పెంకు కోసం కలిపే కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది, పిల్లల మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేవు.

నూకలు, మిగిలిన అన్నం మాత్రమే పెట్టేవాళ్లు గుడ్లు రావట్లేదని బాధపడతారు. గుడ్డుకు మాంసకృత్తులు కావాలి. అన్నంతో కోడికి కొవ్వు పడుతుంది, అంతే. రోజు మేతలో పదో వంతుకు మించకుండా వంటింటి తొక్కలు, తోటకూర, మునగాకు, సజ్జలు ఇవ్వండి. పచ్చడి, వడియాలు, ఉప్పు ఎక్కువున్న కూరలు, పచ్చి చిక్కుడు గింజలు, ఆకుపచ్చగా మారిన బంగాళదుంప తొక్కలు వద్దు. బూజు పట్టిన అన్నం, బూజు పట్టిన వేరుశనగ చెక్క మరీ ప్రమాదం, ఆ బూజు విషం కాలేయానికి పడుతుంది. వానాకాలంలో యాభై కిలోల బస్తా కొని మూల పడెయ్యకండి. నెలకు సరిపడా తెచ్చి మూత ఉన్న డ్రమ్ములో పొయ్యండి.

షెల్ గ్రిట్ (నలగ్గొట్టిన గుల్లలు) వేరే గిన్నెలో పెట్టండి, కావాల్సిన కోడి కావాల్సినంత తింటుంది. మీ గుడ్ల పెంకులే పెనం మీద వేయించి, గుర్తుపట్టలేనంతగా దంచి వెయ్యొచ్చు. పెంకు ఆకారంలోనే వేస్తే గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడుతుంది.

సాయంత్రం చీకటి పడగానే మేత గిన్నె తీసెయ్యండి. రాత్రంతా దాణా ఉంటే ఎలుకలకు పండగే.

ఎండలు, వానలు

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి వేడిని బయటికి పంపుతుంది. నలభై డిగ్రీలు దాటిన రోజున రొప్పుతూ, రెక్కలు ఎడంగా పెట్టి నిలబడిందంటే తట్టుకోవడానికి పాట్లు పడుతోందన్నమాట. రొప్పినకొద్దీ రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు పోతుంది, దాంతో పెంకు తయారీకి కావాల్సిన ముడిసరుకు తగ్గుతుంది. మే నెలలో పెంకు పల్చబడేది ఇందుకే, గ్రిట్ ఎంత పోసినా పూర్తిగా బాగవదు.

మేత పొద్దున ఆరు లోపు, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం మేత అరిగే వేడి కూడా కోడికి భారమే. ఒక్కో పెట్ట మామూలుగా పావు లీటరు తాగితే ఎండల్లో అర లీటరు దాకా తాగుతుంది. మట్టి మూకుళ్లలో రెండు చోట్ల పెట్టండి, మధ్యాహ్నం మార్చండి, వడగాలి ఉన్న రోజుల్లో ఎలక్ట్రోలైట్ పొడి కలపండి. గోనెపట్టాలు తడిపి దక్షిణం వైపు కట్టొచ్చు, నీళ్లు కారేది గోడ బయటికే అయ్యేలా చూసుకోండి. సొమ్మసిల్లిన కోడిని చన్నీళ్ల బకెట్లో మెడ దాకా ముంచి నీడన పెడితే చాలాసార్లు తేరుకుంటుంది. ఐసునీళ్లు వద్దు.

వానాకాలంలో జల్లు కొట్టే వైపు మాత్రమే పరదా దించండి. అదీ కింది నుంచి పైకి కట్టి, చూరు కింద అడుగు ఖాళీ వదిలి. నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్టా చుట్టేస్తే రాత్రికి రాత్రే లోపలంతా ఆవిరి పట్టి ఊక తడిసిపోతుంది.

జబ్బులు, టీకాలు

కొక్కెర తెగులుకు (రాణిఖేత్ జబ్బు) మందు లేదు, టీకా ఒక్కటే దారి. ఏడో రోజు ఈ తెగులుకు వేసే లాసోటా టీకా కంటి చుక్కగా, పద్నాలుగో రోజు గంబోరో అనే మరో వైరస్ జబ్బుకు టీకా, నాలుగో వారం మళ్లీ లాసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, తొమ్మిది పది వారాలకు మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్‌2బి టీకా సూది. పిల్లను అరచేతిలో పట్టుకుని, తల పక్కకు తిప్పి, కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప కొట్టేదాకా ఆగాలి. రెప్ప కొట్టకముందే వదిలితే తల విదిలించి చుక్కను పారబోస్తుంది, టీకా వేసినట్టు మనం అనుకోవడమే.

చిక్కేమిటంటే టీకా సీసా వంద డోసులకు తక్కువ దొరకదు, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, ఐసు మీద ఉండాలి. కాబట్టి కోళ్లున్న నాలుగైదు ఇళ్లవాళ్లు ఒకే రోజు పెట్టుకోండి, లేదా ప్రభుత్వ పశువైద్యశాలలో టీకాలు వేసే రోజు కనుక్కుని బుట్టలో పట్టుకెళ్లండి.

నగరంలో మశూచి టీకా మానకండి. తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు తెచ్చే ఈ జబ్బును దోమలు మోస్తాయి. దోమలకు మన కాలనీల్లో కొదవేముంది. మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలు ఒళ్లు ముడుచుకుని, రెట్టలో రక్తం కనబడితే కాక్సిడియోసిస్, పైన చెప్పిన రక్తపు పారుడు ఇదే. ఆ రోజే పశువైద్యుణ్ని అడిగి ఆంప్రోలియం నీళ్లలో కలిపి ఇవ్వండి, ఊక మొత్తం మార్చండి. పెద్దవాటికి మూడు నెలలకోసారి నులిపురుగుల మందు. మందులిచ్చాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడిగి తెలుసుకోండి.

కోళ్ల నల్లులు పగలు కనబడవు. రాత్రి టార్చి వేసి కర్ర కొసలు, పైపు అతుకుల సందులు చూడండి. సన్నగా ఎర్రగా కదులుతుంటే కర్ర తీసి వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి, సందుల్లో సున్నం పుయ్యండి. ఓ పాత టబ్బులో బూడిద, పొడిమట్టి సగం సగం కలిపి పెడితే కోళ్లు అందులో పొర్లి ఒంటి పేలను తామే దులుపుకుంటాయి.

కొత్తగా తెచ్చిన కోడిని మూడు వారాలు వేరే గంప కింద, వీలైనంత దూరంగా ఉంచాలి. ఇక బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఇది బయటపడింది. పెరటి కోళ్లకు ఇది అంటుకునే దారుల్లో ముఖ్యమైనవి అడవి పక్షుల రెట్టలు, వేరే కోళ్ల దగ్గర తిరిగొచ్చిన చెప్పులు. చెరువు పక్కన ఇల్లున్నవాళ్లు మేతా నీళ్లూ గూటి లోపలే పెట్టండి, గూటికి వేరే చెప్పుల జత ఉంచుకోండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే ఉత్త చేతులతో ముట్టుకోకండి, కోసి చూడకండి, పశువైద్యశాలకు కబురు చెయ్యండి. మామూలుగా చనిపోయిన కోడిని కూడా చెత్తబండిలో వెయ్యకుండా మూడడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చండి.

గుడ్లు మొదలయ్యాక

గ్రామప్రియ ఐదున్నర, ఆరు నెలలకు మొదలుపెడుతుంది. తురాయి ఎర్రబడి, చెయ్యి వెనకగా తెస్తే వంగి కూర్చుంటే ఇంకో వారం పది రోజులే. పెట్టెలో ఓ ప్లాస్టిక్ గుడ్డు గానీ పింగ్‌పాంగ్ బంతి గానీ పెట్టండి, గుడ్డు అక్కడే పెట్టాలని దానికి తెలుస్తుంది. మొదటి గుడ్లు చిన్నవిగా, అప్పుడప్పుడు తోలుగుడ్లుగా వస్తాయి, కంగారు పడొద్దు. గుడ్లను కడిగి దాచకండి, పెంకు మీది సన్నపొర పోయి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. మరక ఉంటే పొడిగుడ్డతో తుడవండి.

పెట్ట పెట్టెలోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు పొంగించి కసురుకుంటుంటే పొదుగుకు వచ్చిందన్నమాట. పుంజు లేని గూట్లో ఆ గుడ్లు ఎన్నాళ్లు పొదిగినా పిల్లలు కావు. నీళ్లలో ముంచితే మానుతుందంటారు, అంత హింస అక్కర్లేదు. అడుగున జాలీ ఉన్న బోనులో, గడ్డి లేకుండా, వెలుతురులో మూడు నాలుగు రోజులుంచండి. కింది నుంచి పొట్టకు గాలి తగిలితే ఆ వేడి దిగిపోతుంది. మేతా నీళ్లూ మామూలుగానే ఇవ్వాలి.

ఏడాదిన్నర వయసులో ఈకలు రాల్చి రెండు మూడు నెలలు గుడ్లు మానేస్తుంది. అది జబ్బు కాదు. ఆ తర్వాత మళ్లీ పెడుతుంది, మొదటి ఏడాది కంటే తక్కువగా. మూడో ఏడు దాటాక వారానికి ఒకటో రెండో. అప్పుడు కూర వండుకుంటారా, పెన్షన్ ఇచ్చి సాకుతారా అన్నది ఇంట్లోవాళ్లంతా ముందే మాట్లాడుకుని పెట్టుకోండి, ముఖ్యంగా పిల్లలు ఒక్కోదానికీ పేర్లు పెట్టకముందే.